తెరవని సంచి

ఉరవకొండ,
2023 జూలై 9, ఆదివారం

దేవేంద్ర మామకు,

నువ్వు కూడానా మామా? అమ్మకు నువ్వు రాసిన ఉత్తరం ఎప్పట్లాగే నేనే చదివి వినిపించినాను. "చౌడికి విదేశాల మీద మోజు పుట్టింది. కొన్నాళ్లకు అదే తగ్గుతుంది. తొందరపడి సంబంధం ఖాయం చెయ్యొద్దు." ఈ మూడు వాక్యాలు నా నోటితో నేనే, గట్టిగా, చెవులకు ఎక్కేట్టు చదవాల్సి వచ్చింది. అమ్మ తలాడించి, "చూస్తివా, మా తమ్ముడు సముద్రాల అవతల ఉండి కూడా నిన్ను కనిపెట్టినాడు" అనింది.

నాయన లెక్క వేరే. ఎం.ఏ. చదివి నేను ఆఫ్రికా ఆడవాళ్లకు ఆయాపని చేస్తున్నానని ఆయన బాధ. ఊర్లో అనుకునేది ఇంకోటి, అది రాయను. తలా ఒక రకంగా నన్ను చదివినారు. తొమ్మిదో ఏట నుంచి నీకు ఉత్తరాలు రాస్తున్నాను కదా, నువ్వైనా సరిగ్గా చదివింటావని అనుకున్నాను. ఫోన్లో మాటలు నిలవవు, కాగితం మీద రాయి, నాకు తెలుగు మర్చిపోకుండా ఉంటుందని అప్పట్లో అడిగింది నువ్వే.

సరే, నా పనేమిటో నేనే చెప్తాను. ఉరవకొండకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, రాళ్లగుట్ట కింద, మెట్టసేద్యం నేర్పే శిక్షణ కేంద్రం ఉంది. నువ్వున్న దేశం నుంచి మన ప్రభుత్వం పద్దెనిమిది మంది రైతు ఆడవాళ్లను పిలిపించింది. వానలు లేని నేలలో శనక్కాయ, కొర్ర ఎట్లా పండిస్తామో రెండు నెలలు చూసి పోతారు. వాళ్లకు ఇంగ్లీషు వచ్చు, మన రైతులకు తెలుగు తప్ప రాదు. మధ్యలో నేను. అటు మాట ఇటు, ఇటు మాట అటు.

దేశం పేరు రాయలేదు, చూసినావు కదా. ఎంబసీ మనిషికి రాసే ఉత్తరంలో దేశం పేరు, రాయబారి పేరు ఉండకూడదని నీ నియమం. ఢిల్లీలో మీ మంత్రిత్వ శాఖకు పోస్టు చేస్తే, అక్కడి నుంచి సీలు వేసిన సంచిలో వస్తుంది ఇది. ఆ సంచిని దారిలో ఏ దేశపు అధికారీ తెరవకూడదని నువ్వే చెప్పినావు. అయినా అంత భయమెందుకో.

వాళ్లలో చికొండి అని ఒకామె ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త లేడు. వాళ్ల సహకార సంఘంలో విత్తనాల గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుందంట. ఆ మాట చెప్పేటప్పుడు మెడ కొంచెం ఎత్తుతుంది. మెస్సులో మా గ్లాసులు ముట్టదు. సంచిలో నుంచి తన ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు తీసి దాంట్లోనే తాగుతుంది. వారం రోజులు చూసి అడిగినాను. వాళ్ల ఊరి అంగట్లో మనవాళ్ల దుకాణంలో ఏడేళ్లు పనిచేసిందంట. అక్కడ ఆమెకు వేరే గ్లాసు, వెనక కిటికీ మీద. "మీ దేశంలో కూడా నాకొక వేరే గ్లాసు ఉంటుందని తెలుసు. వెతికే శ్రమ మీకెందుకని నేనే తెచ్చుకున్నాను" అనింది. నవ్వుతూనే అనింది. ఆ మాటను నేను తెలుగులోకి మార్చి ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు ఆ ఊర్లో మనవాళ్ల దుకాణాల మీద రాళ్లు పడినాయని నువ్వు రాసినావు. వాటిలో ఒక రాయి ఆమె తమ్ముడిది. అది కూడా ఆమే చెప్పింది.

ఇదీ నా మోజు.

చౌడి


2023 జూలై 27

చిరంజీవి చౌడికి మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం పదహారు రోజులకు చేరింది. ఇంత దూరం వచ్చినా కోపం వేడి తగ్గలేదంటే కాగితం మంచిదే వాడినావు.

మోజు అన్న మాట నీ కోసం రాసింది కాదు, మీ అమ్మ కోసం రాసింది. ఆ మాట లేకుంటే ఈ శ్రావణంలో నీ పెళ్లి అయిపోయి ఉండేది. ఎవరికి ఏ మాట చెప్తే పని ఆగుతుందో, ఏ మాట చెప్తే సాగుతుందో చూసుకుని చెప్పడమే ఇన్నేళ్లుగా నా ఉద్యోగం. మా దగ్గర దీన్ని అబద్ధం అనరు.

రాళ్ల సంగతి ఎత్తినావు కాబట్టి చెప్తాను. ఆ గొడవ తర్వాత మేము ఏడు విందులు చేసినాం. వాళ్ల మంత్రులు వచ్చినారు, మన వర్తకులు వచ్చినారు, చేతులు కలిపి ఫోటోలు దిగినారు. మర్నాడు అంగట్లో ఎవరి ముఖాలు వాళ్లవే. అప్పుడు ఈ శిక్షణ ఆలోచన నేను పెట్టినాను. పైవాళ్లను ఒప్పించేదానికి సంవత్సరం పట్టింది. మన అనంతపురం పేరు రాసింది కూడా నేనే, కరువు నేలకు కరువు నేల మాటే అర్థమవుతుందని. ఈ పద్దెనిమిది మంది తిరిగొచ్చి, అంగట్లో నిలబడి మన గురించి నాలుగు మంచి మాటలు చెప్తే మా ఏడు విందులకంటే ఎక్కువ. వాళ్లు బాగా ఉంటే వచ్చే ఏడు ఇంకో ఇరవై మందిని పంపుతాము. జాగ్రత్తగా చూసుకో.

ఇక్కడ ఆరు గంటలకే ఇంట్లో ఉండాలని మాకు ఆజ్ఞ. మీ అత్త, పిల్లోడు చదువు కోసం ఢిల్లీలోనే ఉన్నారు. సాయంత్రం శనక్కాయలు ఉడకబెట్టుకుంటాను. అన్నీ ఒలిచి, పొట్టు ఒక పక్క, గింజలు ఒక పక్క పెట్టి, ఆ తర్వాత తినడం మొదలుపెడతాను. అట్లైతే కొంచెం పొద్దు పోతుంది.

బీరువాలో పాస్‌పోర్టుల కింద మీ అమ్మ ఇచ్చిన పసుపు గుడ్డ ముడి ఇంకా ఉంది. మొదటిసారి దేశం దాటేటప్పుడు కట్టిచ్చింది. సొంత గడప దాటేదాకా విప్పొద్దనింది. ఇరవై ఒక్క ఏళ్లు, అయిదు దేశాలు. సర్కారు క్వార్టర్సు సొంత గడప ఎట్లవుతుంది, అందుకే విప్పలేదు. లోపల ఏముందో కూడా గుర్తు లేదు.

అసలు సంగతి. ఢిల్లీలో విదేశీ అతిథుల ఏర్పాట్లు చూసే ఒక సంస్థలో ఉద్యోగం ఖాళీ ఉంది. నీ పేరు చెప్పినాను. నీ ఉత్తరంలో నువ్వు నోరు విడిచి అడగనిది ఇదేనని అర్థమైంది.

మీ మామ,
దేవేంద్ర


ఉరవకొండ,
2023 ఆగస్టు 20

మామా,

నేను ఉద్యోగం అడగలేదు. ఉత్తరాన్ని దరఖాస్తులాగా చదివితే ఇట్లే అవుతుంది. అయినా అబద్ధమెందుకు, ఢిల్లీ అన్న మాట చూసినాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఈ ఊర్లో బస్సు దిగేవాళ్లందరూ నేను ఎక్కేదానికే దిగుతున్నట్లుంటుంది నాకు. పేరు చెప్పినావు, చెప్పినావు. ఉండనీ.

చినుకు లేదు. జూలైలో నాలుగు చినుకులకు విత్తిన శనక్కాయ పూత పట్టింది. పూత నుంచి ఊడలు దిగి నేలలో గుచ్చుకుంటేనే కదా కాయ. నేల రాయిలాగా ఉంది, ఊడలు గాల్లోనే వేలాడుతున్నాయి. ఈ నెల మొదటి బుధవారం వాళ్లను మన చేనుకే తీసుకొచ్చినాను. చికొండి కూర్చుని బొటనవేలితో నేల అదిమింది. దిగలేదు. "మాది కూడా ఇట్లే మొండికేస్తుంది" అనింది. నాయన వింతగా చూసినాడు. వాళ్ల దేశమంతా నీళ్లు, అడవులు అనుకుంటున్నాడు ఆయన.

తర్వాత నీళ్లకని ఇంటికి పోయినాం. మిగతావాళ్లు వ్యానులోనే ఉన్నారు, చికొండి ఒక్కతే దిగింది. అమ్మ చెయ్యి చూరు కిందికి పోయింది. కూలికొచ్చేవాళ్ల కోసం అక్కడొక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది, నీకు తెలుసు. చికొండి ఆ చేతినే చూస్తోంది. చూసి, సంచిలో నుంచి తన ఎర్ర గ్లాసు తీసి అరుగు మీద పెట్టి, ఇంగ్లీషులో ఒక మాట అనింది.

"యామంటాదే ఆయమ్మ?" అని అమ్మ అడిగింది.

ఈసారి దాచలేదు. "వేరే గ్లాసు నువ్వు వెతుక్కోకుండా తనే తెచ్చుకునిందంట. వాళ్ల ఊర్లో మనోళ్ల అంగట్లో ఏడేండ్లు అట్లే తాగిందంట."

అమ్మ చూరు దగ్గర చెయ్యి అట్లే పెట్టుకుని నిలబడింది. నేను నాయన్ను చూసినాను, నాయన దూడను చూసినాడు. అమ్మ లోపలికి పోయి, నాయన మజ్జిగ తాగే ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చింది. "దీంట్లో తాగమను. ఆ ఎర్రది ఈడ పెట్టిపొమ్మను, బియ్యం కొల్చుకుంటా" అనింది.

"నా చెంబు గదమ్మే అది" అన్నాడు నాయన.

"అయితే ఏమప్పా, కొత్తది కొనుక్కో."

ఈ రెండు మాటలు కూడా నేను ఇంగ్లీషులో చెప్పినాను. చికొండి నీళ్లు మీద పడేంతగా నవ్వింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వస్తోంది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని విత్తనానికని దాచిన కాయలు ఒలుస్తారు. అమ్మ తెలుగులో చెప్తుంది, ఆమె వాళ్ల భాషలో చెప్తుంది, ఎక్కడ నవ్వాలో ఇద్దరికీ తెలుస్తుంది. మొదట్లో మధ్యలో కూర్చుని అటూ ఇటూ మార్చేదాన్ని. పోయిన వారం నుంచి నన్ను ఎవరూ అడగడం లేదు. నేను లోపల పడుకుని వాళ్ల నవ్వులు వింటాను. నన్ను కలుపుకోమని అడగడం చేతకాదు.

చూరులో గ్లాసు మర్నాడు లేదు. ఏమైందంటే చిల్లు పడిందని చెప్పింది అమ్మ.

మా డైరెక్టర్ శశికుమార్ సార్ రిపోర్టులో రాసింది: "అతిథులు ఒక స్థానిక రైతు కుటుంబాన్ని సందర్శించారు."

చౌడి


ఉరవకొండ,
2023 సెప్టెంబరు 12

మామా,

పోయినారు. మొన్న ఆదివారం పొద్దున్నే బస్సు. పద్దెనిమిది మంచాలకు దుప్పట్లు మడిచి పెట్టినాను. పని అయిపోయినాక కూడా గదిలో అట్లే కూర్చున్నాను. రెండు నెలలు రోజంతా మాట్లాడినాను కదా, ఒక్క మాట కూడా నాది కాదు. ఇప్పుడు మాట్లాడదామంటే ఎవరూ లేరు.

శనివారం చికొండిని ఇంటికి పిలిపించి అమ్మ ఒడి నింపింది. నువ్వుంటే చూసేవాడివి. పీట మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, కొంగు పట్టమనింది. ఆమెకు కొంగు లేదు కదా, నా వోణీ కప్పినాం. బియ్యం, ఎండుకొబ్బరి, వక్కాకు, రవికె గుడ్డ. మన ఇంటి అలవాటు ప్రకారం చివర్లో ఇంటి విత్తనం: శనక్కాయ గింజలు, కొర్రలు, ముందురోజే పసుపు గుడ్డలో కట్టి పెట్టినవి. పక్కింటామె గొణిగింది, మొగుడు లేనామెకు ఒడి ఏమిటని. "మనింటి ఆడబిడ్డ పోతాంటే అదంతా యాడ చూస్తాం" అనింది అమ్మ.

తర్వాత అమ్మ ఆ ముడి ఆమె చేతిలో పెట్టి, నా వైపు తిరిగింది. "సరిగ్గా చెప్పు. సొంత గడప దాటేదాకా విప్పగూడదు. ఎవురడిగినా విప్పగూడదు. దావలో విప్పితే మంచిది కాదు."

చెప్పినాను. నా ఇంగ్లీషులో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదేమో. చికొండి ముడిని రెండు చేతులతో పట్టుకుని, "విప్పను" అని మాటిచ్చింది.

ఎర్ర గ్లాసు మా ఇంట్లోనే ఉంది. అమ్మ నిజంగానే దాంతో బియ్యం కొలుస్తోంది.

వాన ఇంకా లేదు. ఢిల్లీ వాళ్లు ఏమన్నారు?

చౌడి


2023 సెప్టెంబరు 16

చౌడికి,

ఇది మామగా రాయడం లేదు, జాగ్రత్తగా చదువు.

మీ దగ్గరి నుంచి వచ్చినవాళ్లలో చికొండి అనే ఆమెను ఇక్కడి విమానాశ్రయంలో ఆపినారు. సంచిలో ఒక గుడ్డ మూట ఉంది. విప్పమంటే విప్పనని, ఇంటికి పోయినాకే విప్పుతానని పట్టుబట్టింది. వాళ్లే కోసి చూసినారు. విత్తనాలు. అనుమతి కాగితం లేదు. ఏ దేశమైనా పురుగు వస్తుందనో తెగులు వస్తుందనో బయటి విత్తనాన్ని కాగితం లేకుండా రానివ్వదు. కస్టమ్స్ ఫారంలో "విత్తనాలు లేవు" అని ఆమె సంతకం ఉంది.

ఇక్కడి పత్రికలో మొదటి పేజీలో వేసినారు: భారతదేశం శిక్షణ పేరుతో తన విత్తనాలను దొంగచాటుగా పంపుతోందని. నిన్న అంగట్లో మనవాళ్లు రెండు దుకాణాలు మళ్లీ మూసుకున్నారు. ఆమె దగ్గరున్న విత్తనాల గది తాళంచెవిని సంఘం తీసేసుకుంది, విచారణ తేలేదాకా.

శశికుమార్ గారితో మాట్లాడినాను. కేంద్రం నుంచి ఒక వాంగ్మూలం వస్తుంది: అతిథి మా సిబ్బందికి తెలియకుండా విత్తనాలు సేకరించి తీసుకుపోయినట్లు. దుబాసీగా నీ సంతకం కావాలి. అక్కడ ఎవరో బుద్ధిలేని మనిషి చేతిలో పెట్టి ఉండొచ్చు. ఆ మనిషి ఎవరో నాకు అనవసరం. వెతకొద్దు. ఒక మనిషి తప్పుగా తేలితే దేశం తప్పు కాకుండా పోతుంది.

ఢిల్లీలో నీ పేరు దాదాపు ఖాయమైంది. ఈ కాగితం సరిగ్గా వస్తే అదీ సులువవుతుంది.

దేవేంద్ర


ఉరవకొండ,
2023 అక్టోబరు 4

మామా,

నా సెప్టెంబరు 12 ఉత్తరం చదివి ఇది రాసినావా, చదవకముందే రాసినావా? అది తెలియకుండా నీ మీద ఎంత కోపం పెట్టుకోవాలో తెలియడం లేదు. చదవకముందే అయితే, మళ్లీ రాస్తున్నాను, ఆ బుద్ధిలేని మనిషి పేరు హనుమక్క. మీ అక్క.

శశికుమార్ సార్ పిలిచి కాగితం ముందు పెట్టినాడు. "ఒక్క సంతకం పాపా. ఆమె యాడనో, మనం యాడనో. ఈ జన్మలో మళ్లా మన ముఖం చూసేది లేదు" అన్నాడు. మంచివాడే. ఆయనకు పై నుంచి రోజూ ఫోన్లు. పెన్ను మూత తీసి మరీ ఇచ్చినాడు. రేపు చెప్తానని వచ్చేసినాను. ఆ రేపు అయి నాలుగు రోజులైంది.

అమ్మకు చెప్పకూడదనుకున్నాను. నీ ఉత్తరం వచ్చిందని తెలిసి, "ఏం రాసినాడు, చదువు" అని ఎదురుగా కూర్చుంది. అక్కడక్కడ దాటేసి చదివినాను. నేను దాటేసేటప్పుడు నా గొంతు ఎట్లా మారుతుందో ఆమెకు తెలుసు. మొత్తం చదివించింది. అంతా విని మొదట అన్నది ఇది: "విప్పమంటే విప్పలేదంట కదా. మాట నిలబెట్టుకునింది." ఆ తర్వాత నీకు రాయమని చెప్పినవి, ఆమె చెప్పినట్లే రాస్తున్నాను:

"ఏమప్పా దేవేంద్రా, బాగుండావా. ఆ బిడ్డ దొంగది కాదు. నేనే కట్టిచ్చినా. కాగితాలు కావాల్నని నాకు తెల్దు. తెలిసింటే కాగితం కూడా తెచ్చి కట్టిచ్చింటి. నాకు సంతకం రాదు, వేలిముద్ర వేస్తా, యాడ వెయ్యాల్నో చెప్పు. నువ్వు పోయేటప్పుడు నీకు కూడా అదే గుడ్డలో అదే విత్తనం కట్టిచ్చింటి గదా. నిన్నెవురన్నా పట్టుకునిరా?"

దీనికి జవాబు ఆమెకు నేను చెప్పలేను. నువ్వే రాయి.

చౌడి


2023 అక్టోబరు 6

ప్రియమైన చౌడికి,

నీ సెప్టెంబరు ఉత్తరం ఆలస్యంగా, నిన్న చేరింది. అక్కే కట్టిచ్చిందని ఇప్పుడు తెలిసింది. బుద్ధిలేని మనిషి అన్న మాట ఆమెకు చదివి వినిపించి ఉండవని ఆశ.

కానీ ఇప్పుడు ఇంకా గట్టిగా చెప్తున్నాను, సంతకం చెయ్యి. నువ్వు వెనకాడుతున్నావని శశికుమార్ గారు ఫోన్లో చెప్పినారు, అది అమ్మ పేరు బయటికి వస్తుందనే భయంతోనే అయి ఉంటుంది. భయం అక్కర్లేదు. ఈ కాగితం ఉంటే అమ్మ పేరు ఎక్కడా రాదు. లేకుంటే అధికారులు మన గడపకు వస్తారు, పేపర్ల వాళ్లు వస్తారు, బావ తల ఎత్తుకోలేడు. శిక్షణ కార్యక్రమం ఆగిపోతుంది. వచ్చే ఏడు రావాల్సిన ఇరవై మంది రారు. అంగట్లో మనవాళ్లు మూడు వందల కుటుంబాలు ఉన్నాయి, వాళ్ల పిల్లలు బడికి పోవాలి. ఇదంతా ఒక పక్క, ఒక మనిషి ఒక పక్క. ఆ మనిషి మన మనిషి కాకపోవడం మన అదృష్టం.

ఈ చివరి వాక్యం రాసి చాలాసేపు చూసినాను. కొట్టెయ్యలేదు. నా ఉద్యోగం ఏమిటో నీకు తెలియాలి.

బీరువాలో ముడి తీసి బల్ల మీద పెట్టినాను. పట్టుకుంటే లోపల గలగలమంటోంది. అయిదు విమానాశ్రయాలు దాటింది అది. నా పెట్టె ఎవరూ తెరవలేదు. మాలాంటివాళ్ల పెట్టెలను మర్యాదకు ఎవరూ ముట్టుకోరు.

చికొండి పోయిన మంగళవారం మా ఆఫీసుకు వచ్చింది. పిలిపించుకునేదానికి నా పేరే చెప్పిందంట, చౌడి మామ అని. గేటు దగ్గర మూడు గంటలు కూర్చుంది. పైనున్న కిటికీలో నుంచి కనిపిస్తోంది. విచారణ నడుస్తున్నప్పుడు కలవకూడదు, అది నియమం. నేను కిందికి పోలేదు.

శనక్కాయలు ఈ మధ్య తినడం లేదు.

మామ


ఉరవకొండ,
2023 అక్టోబరు 24

మామా,

గేటు దగ్గర మూడు గంటలు కూర్చునిందని రాసినావు. ఆమెకు నీళ్లు ఎవరైనా ఇచ్చినారా? ఏ గ్లాసులో?

అమ్మ పేరు బయటికి వస్తుందని భయపడుతున్నాను అనుకున్నావు. ఈసారి కూడా తప్పుగానే చదివినావు. అమ్మకే ఆ భయం లేదు. మొన్న పక్కూరి నుంచి వచ్చినవాళ్లకు తనే చెప్పింది, విత్తనాలు కట్టిచ్చింది నేనేనని. మూడో రోజు నాయన ఇత్తడి చెంబు తోమి, చికొండి కూర్చునే చోట అరుగు మీద పెట్టినాడు. ఆయన చెప్పాల్సింది అంతే అనుకుంటా.

ఎవరికీ చెప్పనిది నీకొకటి రాస్తాను. శిక్షణ మొదటి వారంలో, అనుమతి లేకుండా విత్తనాలు దేశం దాటించకూడదన్న నియమం చదివి వినిపించింది నేనే. పద్దెనిమిది మందికీ అర్థమయ్యేట్టు చెప్పినాను. రెండు నెలల తర్వాత ముడి విప్పొద్దని చెప్పింది కూడా నేనే, అదే నోటితో. ముడిలో ఏముందో అమ్మకు తెలుసు, నాకు తెలుసు. చికొండికి తెలియదు. లోపల ఏముందని ఆమె అడగలేదు, ఒడిలో పోసినదాన్ని అడగకూడదనుకుని ఉంటుంది. ఫారంలో లేవు అని రాసింది అబద్ధం కాదు, తెలియకపోవడం. ఆ రోజు నాకు నియమం గుర్తు లేదా అంటే, ఉంది. అమ్మ ఆమెను ఆడబిడ్డ అన్నప్పుడు, మధ్యలో లేచి కాగితాల మాట ఎత్తే మనిషిని కాకూడదనుకున్నాను. ఒక్క పూటైనా ఆ పీట చుట్టూ ఉన్నవాళ్లలో ఒకదాన్ని కావాలనుకున్నాను. అంతే జరిగింది.

ఈ మాటలే ఇంగ్లీషులో రాసినాను. పీట మాట తీసేసి, మిగతాదంతా. విత్తనాలు మా ఇంటివి, కట్టింది మా అమ్మ, లోపల ఏముందో చెప్పకుండా విప్పొద్దని చెప్పింది నేను, అతిథికి ఏమీ తెలియదు. కింద నా సంతకం, అమ్మ వేలిముద్ర. అమ్మ రెండు చేతుల వేళ్లూ వేస్తాననింది, ఒకటి చాలని చెప్పినాను. ఒక ప్రతి శశికుమార్ సార్‌కు, ఒకటి మీ ఆఫీసుకు, ఒకటి చికొండి సహకార సంఘానికి. మూడూ పంతొమ్మిదో తేదీనే రిజిస్టర్డ్ పోస్టులో పోయినాయి.

సార్ చదివి, కళ్లద్దాలు తీసి, "చదువుకున్నదానివి" అన్నాడు. ఆ తర్వాత రేపటి నుంచి రావాల్సిన పని లేదన్నాడు. ఢిల్లీ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది, నవంబరు ఒకటిన చేరమని. రానని రాసి పంపినాను. నీ కిటికీ లాంటి కిటికీ నాకు ఆడ ఒకటి ఇస్తారు. నేను కూడా కిందికి దిగకుండా నేర్చుకుంటాను.

వచ్చే ఏడు ఇరవై మంది రాకపోవచ్చు. అంగట్లో దుకాణాలు ఇంకా కొన్ని రోజులు మూసే ఉండొచ్చు. తెలిసే రాసినాను. నీ పద్నాలుగు నెలల పనిని చెడగొట్టినానని నువ్వు అనుకుంటే అనుకో. ఆ పని జరిగింది మా అరుగు మీద, మామా. అది జరిగింది కాబట్టే ఆమె ముడి విప్పలేదు. ఆమెను దొంగ అని రాసి దాన్ని కాపాడలేం.

వాంగ్మూలంలో నీ పేరు లేదు. నీ బీరువాలో ఉన్నది ఏం చేస్తావో అది నీ ఇష్టం. అమ్మ అడిగినదానికి మాత్రం జవాబు బాకీ ఉన్నావు.

ఈ ఉత్తరం మీ సంచిలో పంపడం లేదు. ఉరవకొండ పోస్టాఫీసులో మామూలు స్టాంపులు అంటించి వేస్తున్నాను. దారిలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. కవరు మీద నువ్వున్న దేశం పేరు పూర్తిగా రాసినాను, పెద్ద అక్షరాలతో.

ఢిల్లీకి రాను. సంతకం వెనక్కి తీసుకోను.

చౌడేశ్వరి